చైన్ సాకెట్ కిట్ ఇంట్లోనే మార్చుకోవడం: తెల్ల చొక్కా మాత్రం వేసుకోకండి

నేను మెడికల్ రెప్‌ని. ఉండేది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, మైలవరం నా లైను కాబట్టి రోజుకు 80 కిలోమీటర్లకు తక్కువ తిరగను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద మా వీధిలోకి వచ్చినప్పుడు మేం మేడ మీద, బండి మేడ కింద. ఐదు రోజులు అది నీళ్లలోనే నానింది. నీళ్లు తీశాక ఇంజన్ విప్పించాం, ఆయిల్ మార్పించాం, వైరింగ్ ఆరబెట్టించాం. చైన్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తుప్పు మీదే ఆయిల్ పోస్తూ నాలుగు నెలలు లాగించాక ఒక షాపులో కొత్త కిట్ వేయించాను, అంటే చైన్, దాన్ని ముందూ వెనకా పట్టి తిప్పే రెండు పళ్ల చక్రాలు (సాకెట్లు). ఆ కుర్రాడు చైన్‌ని వీణ తీగలా బిగించి, "టైట్‌గా ఉంటే సౌండ్ రాదు సార్" అన్నాడు. సౌండ్ రాలేదు, నిజమే. 7 వేల కిలోమీటర్లు తిరక్కుండానే చైన్ మాత్రం పోయింది. వరదకు ముందున్న కిట్ 22 వేలు నడిచింది మరి.

మా నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశారు. బండి పక్కన కూర్చుని చైన్‌ని వేలితో ఒకసారి నొక్కి చూసి, "ఎవడ్రా వీడు, చైన్‌కి ఉరేశాడు" అన్నారు. తర్వాతి ఆదివారం ఇద్దరం కలిసి మార్చాం. ఆరోజు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు రెండు గంటల్లో అయిపోతోంది.

నా బండి 150 సీసీ. చైన్ ఎడమవైపు, బయటికి కనిపించే రకం. వెనక డ్రమ్ బ్రేక్. మీ బండికి చైన్‌ను పూర్తిగా మూసే కవర్ ఉంటే ఆ కవర్ ముక్కలు విప్పడం ఒక పని ఎక్కువ. మిగతాది దాదాపు ఇదే.

నిజంగా మార్చాలా?

చైన్ సాగిందంటాం కానీ సాగేది ఇనుము కాదు. ప్రతి కీలులోనూ పిన్ను, దాని చుట్టూ ఉండే బుష్షు ఒకదాన్నొకటి అరగదీసుకుని వెంట్రుకవాసి సందు వస్తుంది. వందకు పైగా కీళ్లలో ఆ సందులన్నీ కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. మన రోజువారీ బళ్లలో చాలావాటికి 428 నంబర్ చైన్ వస్తుంది. దీనికి పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. కింది వరస చైన్‌ని వదులు లేకుండా లాగిపట్టి 21 పిన్నులు లెక్కపెట్టండి. మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్య వరకు టేపు పెట్టి కొలవండి. కొత్త చైన్ అయితే 254 మిల్లీమీటర్లు రావాలి. 259 దాటిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. నాది 260 చూపించింది.

టేపు లేకపోతే వెనక సాకెట్ దగ్గర చైన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగం బయటికి కనిపిస్తే అది కూడా మార్చమనే చెబుతోంది. పళ్లు కొడవలి మొనలా ఒక పక్కకు వంగి ఉన్నాయేమో చూడండి. చక్రం చేత్తో తిప్పినప్పుడు చైన్ ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వేలాడితే కొన్ని కీళ్లు ఎక్కువ అరిగాయని, కొన్ని తుప్పుతో పట్టేశాయని అర్థం.

చైన్ ఒక్కటే మార్చి డబ్బు మిగిలిందనుకోకండి. పాత సాకెట్ పళ్లు సాగిన చైన్‌తో కలిసి అరిగినవి. వాటి మీద కొత్త చైన్ వేస్తే బరువంతా ఒకటి రెండు పళ్ల మీదే పడి కొత్తదాన్నీ త్వరగా తినేస్తుంది. చైన్, ముందు సాకెట్, వెనక సాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి.

కొనేటప్పుడు

స్ప్రాకెట్ అని డబ్బా మీద ఉంటుంది, కౌంటర్‌లో మాత్రం సాకెట్ అనే అడగండి, వెంటనే ఇస్తారు. బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పండి. అయినా డబ్బా అక్కడే విప్పించి పళ్లు లెక్కపెట్టండి. నా బండికి ముందు 15, వెనక 44. కౌంటర్ మీద ఒకాయన "ముందు 14 వేసుకోండి, పికప్ అదిరిపోద్ది" అన్నాడు. పికప్ వస్తుంది, కాదనను. కానీ 44ని 15తో భాగిస్తే 2.93, 14తో భాగిస్తే 3.14. అంటే అదే స్పీడ్‌లో వెళ్లడానికి ఇంజన్ 7 శాతం ఎక్కువ తిరగాలి. మైలవరం రోడ్డు మీద రోజూ గంటన్నర ఆ మోత నాకొద్దు.

కిట్‌కి 1,450 అయింది. 700కి కూడా చూపించారు. దానిలో చైన్ లింకుల మీద ఏ అచ్చూ లేదు, ముందు సాకెట్ అంచు చేత్తో తడిమితేనే గరుకుగా ఉంది. డబ్బాలో చైన్ లాక్ ఉందో లేదో చూసుకోండి. చైన్ రెండు కొసలనూ కలిపే విడి లింకు, దాని పట్టీ, చిన్న క్లిప్ కలిపి చైన్ లాక్ అంటారు. అదనంగా ఇంకో లాక్, నట్లు వదులవకుండా వెనక సాకెట్ నట్ల కింద వేసే లాక్ వాషర్లు, యాక్సిల్ (వెనక చక్రం ఇరుసు) నట్టు ఊడకుండా గుచ్చే కాటర్ పిన్ను కూడా కొనుక్కోండి. అన్నీ కలిపినా ఒక టిఫిన్ ఖర్చు అవ్వదు.

సామాను, చోటు, వేళ

10, 12, 14 రింగు పానాలు, మీ యాక్సిల్ నట్టుకు సరిపోయే పెద్ద పానా, నోస్ ప్లయర్, సుత్తి, ఉలి, స్క్రూడ్రైవర్, టేపు, పాత చీర ముక్కలు, ఒక అట్టపెట్టె, డీజిల్ అర లీటరు. సెంటర్ స్టాండ్ లేని బండి అయితే వెనక చక్రం గాల్లో నిలిపే ప్యాడక్ స్టాండ్ కావాలి. ఇటుకల మీద నిలబెట్టే ప్రయోగం చేయకండి. నేల సిమెంటుదై ఉండాలి. ఎండాకాలమైతే ఉదయం ఆరుకే మొదలుపెట్టండి. మే నెలలో బెజవాడలో పదింటికి పానా పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. ఇంజన్ నడుస్తుండగా చైన్ దగ్గర గుడ్డ గానీ వేలు గానీ పెట్టకూడదు. స్టాండ్ వేసి గేరులో చక్రం తిప్పుతూ చైన్ తుడిచేవాళ్లను చూస్తుంటాను. గుడ్డ చుట్టుకున్న వేలు సాకెట్ పన్నుకూ చైన్‌కూ మధ్యకి వెళ్లడానికి రెప్పపాటు చాలు.

చైన్ తీయకముందే వదులు చేయాల్సినవి

మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. ఉత్సాహంగా ముందు చైన్ తీసేశాను. తర్వాత ముందు సాకెట్ బోల్టులకు పానా వేస్తే సాకెట్ పానాతో పాటే తిరుగుతోంది. గేరులో వేసి ఇంజన్‌తో ఆపుదామని చూశాను. నాన్న పక్కనుంచి, "పట్టుకునేవాడిని పంపించేసి ఇప్పుడు పట్టుకోమంటే ఎవరు పట్టుకుంటారు?" అన్నారు. పాత చైన్ మళ్లీ ఎక్కించి, వెనక బ్రేక్ తొక్కిపెట్టి అప్పుడు విప్పాం.

కాబట్టి వరస ఇది. గేర్ రాడ్డు షాఫ్ట్ మీద ఏ కోణంలో ఉందో తెల్ల పెయింట్‌తో గీత పెట్టి, 10 పానాతో బోల్టు పూర్తిగా తీసి రాడ్డు లాగండి. సాకెట్ కవర్ విప్పండి. లోపల నల్లటి ముద్ద పేరుకుని ఉంటుంది. ఇబ్రహీంపట్నం దాటాక లారీల నుంచి రాలే బూడిద, నా చైన్ ఆయిల్ కలిసి అక్కడ కుంకుడు రసంలా కాదు, సానరాయి ముద్దలా తయారై కూర్చుంది. చైన్‌ని అరగదీసేది అదే. చెక్కముక్కతో గోకి డీజిల్ గుడ్డతో తుడవండి.

ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి వెనక బ్రేక్ గట్టిగా తొక్కిపట్టమనండి. ముందు సాకెట్‌ను పట్టే రెండు చిన్న బోల్టులు వదులు చేయండి. కొన్ని బళ్లకు బోల్టుల బదులు మధ్యలో ఒకే పెద్ద నట్టు, దాని కింద మడత వాషర్ ఉంటుంది. దానికైతే ముందు ఉలితో మడత విప్పాలి. అదే ఊపులో వెనక సాకెట్ నట్ల లాక్ వాషర్ల చెవులు కూడా చదును చేసి, పానా అందే చోటికి చక్రం తిప్పుకుంటూ నాలుగు నట్లూ ఒక్కో పట్టు వదులు చేయండి. చివరగా యాక్సిల్ కాటర్ పిన్ను తీసి నట్టు వదులు చేయండి. ఏదీ పూర్తిగా తీయొద్దు.

చైన్ తీయడం, సాకెట్లు మార్చడం

చక్రం తిప్పుతూ లాక్ కోసం వెతకండి. మిగతా లింకులకు లేని చిన్న చేప ఆకారం క్లిప్ కనిపిస్తుంది. నోస్ ప్లయర్‌తో నెట్టితే క్లిప్ ఎగిరిపోతుంది, అరచేయి అడ్డం పెట్టండి. పట్టీ తీసి లింకు వెనక్కి లాగితే చైన్ విడిపోతుంది. లాక్ లేకుండా రివెట్ చేసిన చైన్ అయితే ఒక పిన్ను తలను గ్రైండర్‌తో అరగదీసి కొట్టాలి. ఇంట్లో గ్రైండర్ లేకపోతే ఆ ఒక్క పనీ వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించుకుని బండి నెట్టుకు వచ్చేయొచ్చు. అప్పుడు బోల్టులు ముందే వదులు చేసి ఉంచడం మర్చిపోకండి.

ముందు సాకెట్ రెండు నిమిషాల పని. రెండు బోల్టులు తీసి, లాక్ ప్లేటును కొద్దిగా తిప్పి లాగితే సాకెట్ వచ్చేస్తుంది. పాతదాని ఏ మొహం బయటికి ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుని కొత్తది అలాగే ఎక్కించండి. దాని వెనక ఆయిల్ సీల్ చుట్టూ తడి ఉందేమో చూడండి. ఇంజన్ ఆయిల్ కారుతుంటే సీల్ మార్చడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

వెనక చక్రం తీయాలి. బ్రేక్ రాడ్డు నట్టు విప్పండి, స్ప్రింగ్ ఎక్కడికీ దొర్లిపోకుండా అట్టపెట్టెలో వేయండి. బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టి పైకీ కిందికీ ఆడే చేతికి) పట్టే రాడ్డు బోల్టు తీయండి. యాక్సిల్ లాగేటప్పుడు ఏ పక్క ఏ బుష్షు ఉందో చూసుకోండి. పొడుగు బుష్షు, పొట్టి బుష్షు అటుదిటు అయితే చక్రం బిగుస్తుంది కానీ వంకరగా బిగుస్తుంది. అట్ట మీద ఎడమ, కుడి అని రాసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టే అలవాటు నాన్నది. ఇప్పుడు నాదీ అదే.

సాకెట్ ఉన్న హబ్ ముక్కను చక్రం నుంచి బయటికి లాగితే లోపల రబ్బర్లు ఉంటాయి. వరద నీళ్ల బురద నా రబ్బర్ల మధ్య ఎండి మట్టిపెళ్లలా ఉంది. రబ్బర్లు నలిగి, హబ్ చేత్తో ఊపితే టకటకమంటుంటే అవి కూడా మార్చండి. లేకపోతే యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ కొత్త చైన్ మీద సుత్తిదెబ్బ పడ్డట్టే. పక్కనే ఉన్న బేరింగ్‌ని వేలితో తిప్పి చూడండి, గరగరలాడకూడదు. కొత్త సాకెట్ పెట్టి నట్లు ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి బిగించుకుంటూ రండి. కొత్త వాషర్ల చెవులు నట్టు పక్కకు మడవండి.

లెక్కపెట్టు, కొలవకు

కొత్త చైన్ వేసే ముందు పాతదాన్నీ కొత్తదాన్నీ నేల మీద పక్కపక్కన పరిచాను. కొత్తది రెండు లింకులు పొట్టిగా ఉంది! తప్పు చైన్ ఇచ్చాడని షాపు మీదికి బయల్దేరబోతుంటే నాన్న ఆపారు. "లెక్కపెట్టు, కొలవకు." లెక్కపెట్టాను. రెండిటికీ 120 లింకులే. 120 లింకుల కొత్త చైన్ 1,524 మిల్లీమీటర్లు. రెండు శాతం సాగిన పాతది 1,554కి పైనే. తేడా 30 మిల్లీమీటర్లు, అంటే రెండు లింకులకన్నా ఎక్కువ. పాతదాని పొడవు పెట్టి కొత్తదాన్ని ఎంచుకుంటే రెండు లింకులు ఎక్కువున్న చైన్ ఇంటికి వస్తుంది. వేసిన రోజే అడ్జస్టర్ (చక్రాన్ని వెనక్కి జరిపి చైన్ బిగించే మర) బాగా వెనక్కి పోతుంది.

చక్రం ఎక్కించి, బుష్షులు, బ్రేక్ రాడ్డులు బిగించి, యాక్సిల్ నట్టు చేత్తో తిరిగేంత వదులుగా ఉంచండి. అడ్జస్టర్లు వదిలి చక్రాన్ని బాగా ముందుకు నెట్టండి. చైన్‌ని ముందు సాకెట్ మీదుగా తిప్పి రెండు కొసలనూ వెనక సాకెట్ పళ్ల మీద కలపండి. పళ్లే కొసలను పట్టుకుంటాయి కాబట్టి లాక్ వేయడం సులువు. లోపలి నుంచి లింకు దూర్చి, బయట పట్టీ పెట్టి, క్లిప్ ఎక్కించాలి.

క్లిప్‌కి ఒక కొస మూసి ఉంటుంది, ఒక కొస చీలి ఉంటుంది. చైన్ ఎటు పరిగెడుతుందో మూసిన కొస అటు ఉండాలి. చీలిక ముందుంటే, ఏదైనా తగిలినప్పుడు క్లిప్ ఊడిపోవచ్చు. ఊడితే నడిరోడ్డు మీద చైన్ తెగి వెనక చక్రానికి చుట్టుకోవచ్చు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. పై వరసలో చైన్ బండి ముందు వైపుకు పరిగెడుతుంది, కింది వరసలో వెనక్కి పరిగెడుతుంది. అంటే పైన క్లిప్ వేస్తే మూసిన కొస హెడ్‌లైట్ వైపు, కింద వేస్తే నంబర్ ప్లేటు వైపు. అనుమానం ఉంటే చక్రాన్ని బండి ముందుకు వెళ్లే దిశలో తిప్పి చూడండి, మూసిన కొసే ముందు దూసుకెళ్లాలి. క్లిప్ రెండు పిన్నుల గాడిలోనూ పూర్తిగా కూర్చుందో లేదో గోటితో తడిమి చూడండి.

ఉరి వేయకండి

అడ్జస్టర్ నట్లు రెండు పక్కలా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పుతూ చైన్ బిగించండి. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఊపితే ఎంత కదులుతుందో అదే వదులు. నా బండికి చెప్పింది 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీది మాన్యువల్‌లోనో స్వింగ్ ఆర్మ్ మీది స్టిక్కర్‌లోనో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట ఆ కొలత రావాలి.

ఆ వదులు ఎందుకంటే, స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు ఒకచోట, ముందు సాకెట్ ఇంకోచోట ఉంటాయి కాబట్టి వెనక చక్రం గతుకు మీద పైకి లేచినప్పుడు రెండు సాకెట్ల మధ్య దూరం మారుతుంది. ముందు సాకెట్, ఆ ఇరుసు, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చిన క్షణాన రెండు సాకెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువ. స్టాండ్ మీద సరిగ్గా ఉన్నట్టు కనిపించే బిగుతు చైన్‌కి ఆ క్షణాన పోవడానికి చోటుండదు. చైన్ పిన్నులనూ, గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌నూ, వెనక హబ్ బేరింగ్‌నూ లాగుతుంది. నా 7 వేల కిలోమీటర్ల కిట్ అలా పోయిందే. మొదటిసారి బిగించాక నేనూ మా తమ్ముడూ బండి మీద కూర్చున్నాం, నాన్న వంగి చైన్ ఊపి చూశారు. ఇద్దరు ఎక్కినా ఇంకా కొంచెం ఆడింది. మీరూ అలా చూసుకోండి.

చక్రం వంకర లేకుండా ఉండాలంటే స్వింగ్ ఆర్మ్ మీది గీతలు రెండు పక్కలా ఒకేచోట ఉండాలి. పాత బండి గీతల మీద నాకు నమ్మకం తక్కువ. స్వింగ్ ఆర్మ్ ఇరుసు మధ్య నుంచి యాక్సిల్ మధ్య వరకు టేపుతో రెండు పక్కలా కొలుస్తాను. తర్వాత వెనక నుంచి ఒంటికంటితో చైన్ వెంబడి చూస్తాను. సూటిగా ఉండాలి. ఇప్పుడు యాక్సిల్ నట్టు గట్టిగా బిగించి వదులు మళ్లీ చూడండి, బిగించేటప్పుడు కొంచెం మారుతుంది. కొత్త కాటర్ పిన్ను వేయండి. ముందు సాకెట్ బోల్టులు బ్రేక్ తొక్కి బిగించడం, కవర్, పెయింట్ గీత ప్రకారం గేర్ రాడ్డు.

చక్రం ముందుకో వెనక్కో జరిగింది కాబట్టి వెనక బ్రేక్ లెక్క తప్పి ఉంటుంది. బ్రేక్ నట్టు తిప్పి పెడల్ ఆట (బ్రేక్ పట్టేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచేయండి, బ్రేక్ లైటు వెలుగుతోందో చూడండి. ఈ పని కాకుండా గేటు దాటొద్దు.

ఆయిల్ విషయం. కొత్త చైన్‌కి వచ్చే గ్రీజు కడిగేయకండి. తర్వాత 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆరోజే, 90 గ్రేడ్ గేర్ ఆయిల్ చైన్ లోపలి వైపు చుక్కలుగా వేసి పైపైది తుడిచేస్తాను. ఇంజన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ వేయను, దానిలో ఉన్న మసి నాకు కనిపిస్తూనే ఉంది. మీ చైన్ లింకుల మధ్య నల్లటి సన్న రబ్బరు రింగులు ఉంటే పెట్రోల్‌తోనూ, ఇనప బ్రష్‌తోనూ కడగొద్దు, రింగులు పాడవుతాయి.

మొదటి ట్రయల్ మా వీధి చివరి దాకా, రెండో గేరు దాటకుండా. తిరిగొచ్చి క్లిప్, నట్లు చూసుకున్నాక పైపుల రోడ్డు దాకా. 300 కిలోమీటర్లకు కొత్త చైన్ కుదురుకుని కొంచెం వదులవుతుంది, అప్పుడు ఒకసారి అడ్జస్ట్ చేయాలి. అదనంగా కొన్న లాక్ సీటు కింద పాలిథిన్ కవర్లో ఉంది.

చేతులకు ముందు కొబ్బరినూనె పట్టించి, దాని మీద పంచదార వేసి రుద్ది, తర్వాత సర్ఫ్‌తో కడగండి. గోళ్ల కింద నలుపు మాత్రం సోమవారానికి కూడా ఉంటుంది. మైలవరంలో ఒక డాక్టర్‌గారు శాంపిల్స్ తీసుకుంటూ నా వేళ్లు చూసి, "చైన్ మార్చారా, క్లచ్ ప్లేట్లా?" అని అడిగారు.